నలభైకి ముప్పై ఎనిమిది

మంగళవారం ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు, థెరపిస్టు ప్రశ్న అడగకముందే పాప బొమ్మ మీద వేలు పెట్టింది. కుడిచేతి వేలు బొమ్మ మీద ఉంచి, ఎడమచెయ్యి చాపింది.

థెరపిస్టు ఆ చేతి వంక చూసింది. ప్రశ్న అడక్కుండానే పేజీ తిప్పింది. పాప మళ్లీ వేలు పెట్టింది, మళ్లీ చెయ్యి చాపింది. రెండు జవాబులూ సరైనవే.

అక్కడిదాకా సంగతి ఎలా వచ్చిందంటే, పాపకు ఐదేళ్ల ఏడు నెలలు. ఇంట్లో పండు అంటారు. చెవులు బాగానే వినిపిస్తున్నాయని రెండుసార్లు పరీక్ష చేసి రాసిచ్చారు. ముక్కలైన బొమ్మను కలపమంటే తోటి పిల్లలకంటే ముందు కలుపుతుంది. మాటల దగ్గరే ఆగిపోతుంది. తను రెండు మూడు మాటలు కలిపితే నాలుగోది రాదు. ఎదుటివాళ్ల మాట కాస్త పొడుగైతే అందదు. బడిలో టీచరు "బయటికి వెళ్లేముందు సంచి బెంచీ కింద పెట్టండి" అంటే, పండు సంచితో బయటికి వెళ్లి అక్కడ బెంచీ కోసం వెతికింది. మొండితనం అని డైరీలో రాశారు. ఆ డైరీలో అలాంటివి పదిహేడున్నాయి.

ఇలాంటి పిల్లల కోసం ఊరి మొత్తానికి ఒక భాషా తరగతి ఉంది. ఎనిమిది సీట్లు. ఆరేళ్లు దాటితే తీసుకోరు. క్లినిక్‌లో పెట్టే పరీక్షలో నలభైకి ఇరవై రెండు దాటినా తీసుకోరు. ఆ పరీక్ష కోసం తల్లి పద్నాలుగు నెలలు ఎదురుచూసింది. మూడు వారాల కిందట, శిక్షణలో ఉన్న ఒక అమ్మాయి పరీక్ష పెట్టింది. పండుకు ముప్పై ఎనిమిది వచ్చాయి. కిందటి గురువారం ఉత్తరం వచ్చింది. పాపకు భాషకు సంబంధించిన ఇబ్బంది ఏదీ కనబడలేదని, సీటు ఇవ్వడం కుదరదని అందులో ఉంది. తరగతి జాబితా ఈ శుక్రవారం సాయంత్రం ఐదింటికి మూస్తారు, మళ్లీ తెరిచేది వచ్చే ఏడాదే.

తల్లి కరెంటు ఆఫీసులో ఫిర్యాదుల కౌంటరు దగ్గర పనిచేస్తుంది. 'చూస్తాం' అనే మాట తనే రోజుకు వందసార్లు అంటుంది కాబట్టి, ఇంకొకళ్లు అంటే నమ్మదు. ఉత్తరం పట్టుకుని క్లినిక్‌లో మూడు కిటికీల దగ్గర నిలబడి, మూడుసార్లు 'చూస్తాం' అనిపించుకుని, నాలుగోసారి ఆ కిటికీలు దాటి నేరుగా థెరపిస్టు గదిలోకి వచ్చింది. థెరపిస్టు స్వయంగా ఒక అరగంట చూస్తానంది. ఆ అరగంట ఇదే.

గదిలో పిల్లలకు సరిపడే బల్ల ఒకటి, కుర్చీలు మూడు, తాళం వేసిన బీరువా ఒకటి ఉన్నాయి. గోడకు అద్దం ఉంది. తల్లి పండు వెనక కూర్చుంది. ఆమెకు పాప ముఖం కనబడదు, వేలు కనబడుతుంది.

పరీక్ష పుస్తకంలో పేజీకి నాలుగు బొమ్మలు. థెరపిస్టు ఒక వాక్యం చెప్తే దానికి తగిన బొమ్మ చూపించాలి. తొమ్మిదో పేజీలో అడగాల్సింది "కుక్కను పిల్లి తరుముతోంది" అని. థెరపిస్టు దాన్ని తిప్పి, "పిల్లిని కుక్క తరుముతోంది" అంది. పండు పిల్లి తరుముతున్న బొమ్మ మీద వేలు పెట్టింది. పదో పేజీలో "పాప కుర్చీ మీద ఉంది" అనాలి. "కుర్చీ కింద ఉంది" అంది. పండు కుర్చీ మీది పాపను చూపించింది. పదకొండో పేజీకి థెరపిస్టు, "ఇవాళ మంగళవారం" అంది. పండు ఆ పేజీకి పుస్తకంలో రాసి ఉన్న సరైన జవాబు మీద వేలు పెట్టి చెయ్యి చాపింది.

థెరపిస్టు పుస్తకం మూసింది.

"అమ్మా, ఈ పుస్తకం మీ ఇంట్లో ఉందా?"

తల్లికి కోపం వచ్చింది. పద్నాలుగు నెలల్లో ఆమెను చాలామంది చాలా అడిగారు. పాపకు ఫోన్ ఇస్తారా అన్నారు. కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నావన్నారు. పిల్లల డాక్టరు మూడేళ్లు రానివ్వమన్నాడు, వచ్చాక నాలుగు రానివ్వమన్నాడు. ఆడపడుచు, ఆఫీసులో అంతసేపు వాగి ఇంటికొచ్చి నోరు కట్టేసుకుంటే పిల్లకు మాటలెలా వస్తాయి వదినా అంది. బస్సు నడిపే భర్త, మా నాన్నకు ఐదేళ్లకు వచ్చాయి మాటలు, ఇప్పుడు ఆపగలుగుతున్నామా అన్నాడు. ఇప్పుడు పుస్తకం దొంగతనం ఒక్కటే మిగిలిందని ఆమె కౌంటరు గొంతుతో జవాబిచ్చింది.

థెరపిస్టు వివరించింది. ఈ పుస్తకం అంగళ్లలో దొరకదు. బీరువాలో ఉంటుంది, ఎవరికీ ఇవ్వరు. కానీ ఎవరో పాపను కూర్చోబెట్టి నలభై పేజీలూ వల్లె వేయించారు. పాపకు వాక్యంతో పని లేదు, పేజీ చూస్తే చాలు. పైగా ప్రతి జవాబుకూ చేతిలో ఏదో పెట్టడం అలవాటు చేశారు.

తల్లి ఆ చెయ్యి చూసింది. ఇంకా చాపే ఉంది. అరచెయ్యి పైకి, వేళ్లు దగ్గరగా. దాంట్లో ఏం పెడతారో ఆమెకు తెలుసు. సగం బిస్కెట్టు.

మూడు నెలలుగా రోజూ బడి వదిలినప్పటినుంచి తను ఆఫీసు నుంచి వచ్చేదాకా పండు మామగారి బైండింగ్ కొట్టులోనే ఉంటోంది. పాపను తీసుకెళ్లడానికి కొట్టు దగ్గరికి రాగానే లోపలినుంచి కాగితాలు తిరిగే చప్పుడు వినబడేది. ఏం చేస్తున్నారు మామయ్యా అని అడిగితే, కథలు చెప్తున్నా అనేవాడు. ఆఫీసులో పక్క కౌంటరు ఆవిడతో, మా మామగారు బంగారం, పిల్లకు రోజూ కథలు చెప్తారు అని ఆమే చెప్పింది. బిస్కెట్ల పొట్లాలు వారానికి నాలుగు ఎందుకైపోతున్నాయో అడగలేదు.

ఆమె లేచి తలుపు తీసింది. మామగారు వరండాలో బెంచీ మీద, ఇద్దరు తల్లుల మధ్య కూర్చుని ఏదో చెప్తున్నాడు.

"మామయ్యా, లోపలికి రండి."

ఆయన చెప్పులు బయట విడిచి వచ్చాడు. థెరపిస్టు ఆయన్ను చూసి కుర్చీలోంచి సగం లేచి మళ్లీ కూర్చుంది. ఆయన బల్ల మీది పుస్తకం చూశాడు.

"కుట్టు పట్టిందా మేడమ్?"

"పట్టింది," అంది థెరపిస్టు.

క్లినిక్ వెనక సందులో మామగారి కొట్టు. నాలుగు నెలల కిందట ఈ పుస్తకం వీపు విరిగి పేజీలు ఊడిపోయాయి. కొత్త పుస్తకం కావాలని థెరపిస్టు రెండేళ్లుగా రాస్తూనే ఉంది. రెండేళ్లుగా పైనుంచి 'పరిశీలనలో ఉంది' అని జవాబు వస్తూనే ఉంది. చివరికి ఆమె పుస్తకాన్ని సంచిలో పెట్టుకుని సందులోకి వెళ్లి బైండింగ్‌కు ఇచ్చింది. పుస్తకం గేటు దాటకూడదని నిబంధన. ఆ ముసలాయన తన దగ్గర వరసలో ఉన్న ఒక పాప తాత అని ఆమెకు తెలియదు. ఆ పుస్తకం దేనికో ఆయనకు చూడగానే తెలిసింది. లోపలి అట్ట మీద క్లినిక్ ముద్ర ఉంది.

పాత పుస్తకం కుట్టు విప్పేముందు మామగారు మొత్తం ఒక కాపీ తీయిస్తాడు. విప్పాక పేజీల వరస తప్పితే చూసుకోవడానికి. నలభై ఏళ్లుగా అదే పద్ధతి. పని అయ్యాక ఆ కాపీ చింపి అట్టల లోపల అతికించడానికి వాడతాడు. ఈ ఒక్కటీ చింపలేదు.

ఆయన ఇదంతా దాచకుండా చెప్పాడు. పరీక్ష పుస్తకం చేతికొస్తే పిల్లతో చదివించకుండా ఏ తాత ఊరుకుంటాడని అడిగాడు. రెండు నెలలు పట్టిందని, మొదట్లో పండు ఏడ్చేదని, బిస్కెట్టు మొదలుపెట్టాక దారికొచ్చిందని చెప్పాడు. ఆ రెండు మార్కులు ఎక్కడ పోయాయో తెలిస్తే బాగుండునన్నాడు.

తల్లి నెమ్మదిగా మొదలుపెట్టింది.

"మామయ్యా, ఇది పాసవ్వాల్సిన పరీక్ష కాదు. మార్కులొస్తే సీటు పోతుంది."

"ఫెయిలైతే సీటిచ్చే పరీక్ష ఎక్కడైనా ఉంటుందా అమ్మాయ్?"

"ఇక్కడ ఉంది. మీకు మూడుసార్లు చెప్పాను. భోజనాల దగ్గర చెప్పాను. మీ అబ్బాయి షర్టుకు గుండీ కుడుతూ చెప్పాను. పరీక్ష ముందురోజు మీ మందులిస్తూ చెప్పాను."

మామగారు కాసేపు పుస్తకం అంచు సరిచేశాడు.

"చెప్పావు," అన్నాడు.

"మరి?"

ఆయన తల్లితో కాకుండా థెరపిస్టుతో మాట్లాడాడు. ఆ భాషా తరగతి ఉన్న బడి హాజరు రిజిస్టర్లు ముప్పై ఒక్క ఏళ్లుగా తనే కుడుతున్నానన్నాడు. మామూలు తరగతి రిజిస్టరు తొంభై ఆరు పేజీలు. భాషా తరగతిది పదహారు.

"దానికి కుట్టు కూడా అక్కర్లేదు మేడమ్. రెండు పిన్నులు కొట్టి ఇస్తా. ఆ తరగతికి గేటు కూడా వేరే. పిల్లలు దాన్ని మూగగది అంటారు. మాటలొచ్చాక కూడా, ఏడేళ్లొచ్చేదాకా నన్ను మూగోడా అనే పిలిచారు మా వీధిలో. ఆ పదహారు పేజీల్లో మా పిల్ల పేరు ఎందుకు?"

కిందటేడు ఆ తరగతి నుంచి ఐదుగురు మామూలు తరగతులకు వెళ్లారని థెరపిస్టు చెప్పింది. ఎక్కించిన పేర్లు చూశాను గానీ బయటపడ్డ పేర్లు చూడలేదన్నాడు మామగారు.

"బయటపడ్డవాళ్ల పేర్లు లావు రిజిస్టర్లలో ఉంటాయి," అంది థెరపిస్టు. "అవీ మీరే కుట్టారు."

తలుపు ఎవరో తట్టారు. పదిన్నర వాళ్ల వంతు వచ్చి ఇరవై నిమిషాలైంది. థెరపిస్టు తలుపు దాకా వెళ్లి ఇంకాస్త ఆగమంది. బయట ఒక గొంతు ఆగుతూనే ఉన్నాం కదా అంది.

తల్లికి ఇక నెమ్మది మిగల్లేదు. ఆ ఉత్తరం వచ్చిన రోజు ఆయన వీధిలో నాలుగిళ్లకు వెళ్లి, మా మనవరాలికి ఏ ఇబ్బందీ లేదని సర్కారే రాసిచ్చింది అని చదివి వినిపించాడు. ఆమె అది గుర్తుచేసింది. ఆ ఉత్తరం నకలు బడికి కూడా వెళ్లిందని చెప్పింది.

"ఇన్నాళ్లూ దానికి అర్థం కాలేదేమో అని ఒకరిద్దరు టీచర్లయినా అనుకునేవాళ్లు. ఇప్పుడు అన్నీ తెలిసీ కావాలని చేస్తోందని వాళ్ల దగ్గర కాగితం ఉంది. రేపు మళ్లీ బయట నిలబెడతారు. అప్పుడు ఏం పట్టుకెళ్లి చూపించను? మీ బిస్కెట్లా?"

థెరపిస్టు పదో పేజీ తెరిచి పుస్తకం ఆయన వైపు జరిపింది. మీరే అడగండి అంది. పుస్తకంలో ఉన్నట్టు కాకుండా, మీ మాటల్లో.

ఆయన పండు పక్కన వంగాడు.

"తల్లీ, కుర్చీ కింద కూర్చున్న పాప ఏదీ?"

పండు కుర్చీ మీది పాప మీద వేలు పెట్టి, తాత వైపు చెయ్యి చాపింది.

"అది కాదమ్మా. కింద. కుర్చీ కింద."

పండు తాత ముఖంలోకి చూస్తూ వేలు పక్క బొమ్మకు జరిపింది. మళ్లీ చూసింది. ఇంకో బొమ్మకు జరిపింది. నాలుగో దాని దగ్గర ఆగింది. అది సరైనదే. మామగారు థెరపిస్టు వైపు తిరిగి చూశాడు.

"మీ కళ్లు చూసి ఆగింది," అంది థెరపిస్టు. "కిటికీ వైపు తిరిగి అడగండి."

ఆయన కిటికీ వైపు తిరిగి అదే ప్రశ్న అవే మాటల్లో అడిగాడు. పండు వేలు మళ్లీ కుర్చీ మీది పాప దగ్గరకు వెళ్లింది. కాసేపు చూసి, తాత తిరగకపోయేసరికి, వేలు తీసేసింది.

"తాత... చూడు," అంది.

ఆయన తిరిగాడు. ఏ బొమ్మ చూపించిందని కోడల్ని అడిగాడు. ఆమె చూపించింది. ఆయన చెయ్యి జేబులోకి వెళ్లింది. జేబులో పొట్లం చప్పుడైంది. చెయ్యి ఖాళీగా బయటికి వచ్చింది.

"బిక్కి," అంది పండు.

"ఇంటికెళ్లాక, తల్లీ," అన్నాడు.

ఇప్పుడు ఏం చెయ్యొచ్చో థెరపిస్టు చెప్పింది. ఒకసారి వచ్చిన మార్కులు ఆరు నెలలదాకా మార్చరు. ఒకే ఒక వెసులుబాటు ఉంది. పరీక్షకు ముందే పాప పుస్తకం చూసిందని, చూపించినవాళ్లు స్వయంగా రాసిస్తే, తిరుగు పరీక్షల కోసమే వేరే బొమ్మలతో ఉంచిన రెండో పుస్తకంతో మళ్లీ పరీక్ష పెట్టొచ్చు. కాగితం ఇవాళే ఇస్తే పరీక్ష రేపు పెట్టొచ్చు, గురువారానికి జాబితాలో పేరు వెళ్తుంది. పుస్తకం గేటు ఎలా దాటిందో కూడా ఆ కాగితంలో ఉండాలి. అంటే తన సంతకం కూడా ఉండాలి.

మీకేమన్నా అవుతుందా అని తల్లి అడిగింది. అవుతుందేమో అంది థెరపిస్టు. రెండేళ్లుగా పుస్తకం అడిగిన ఉత్తరాలన్నీ దానికి జతచేస్తానంది, వాళ్లూ కాస్త చదువుకుంటారు.

సొరుగులోంచి ఒక ఫారం తీసింది. తల్లి పెన్ను తీసుకుంది. ఎదుటివాళ్లు చెప్పింది ఫారంలో ఎక్కించడం ఆమెకు రోజూ ఉండేదే. తేదీ, పాప వివరాలు, పుస్తకం బైండింగ్‌కు వచ్చిన రోజు, కాపీ తీసిన పద్ధతి, వల్లె వేయించిన కాలం వరసగా రాసింది. రాసిందంతా మామగారికి చదివి వినిపించింది. 'మోసపూరితంగా' అన్న మాట ఫారంలో ముందే అచ్చై ఉంది. మామగారు అక్కడ ఆపమన్నాడు. కథలు చెప్తున్నానని నాతో అన్నారు కదా, ఆ మాట ఉండనివ్వండి అంది కోడలు. ఆయన ఉండనిచ్చాడు.

పదకొండున్నరకు మామగారు సంతకం పెట్టాడు. పొడి అక్షరాలు, ఒక్కోటీ విడిగా. దాని కింద థెరపిస్టు పెట్టింది. తలుపు మళ్లీ తట్టారు.

ఫారం తిరిగిచ్చేముందు తల్లి అలవాటుకొద్దీ పైనుంచి కిందదాకా ఒకసారి చూసుకుంది. ఆరో గడి ఖాళీగా ఉంది. 'తీసిన కాపీల సంఖ్య'. అక్కడ ఒకటి వేయబోతూ, మాటవరసకు అడిగింది.

"ఒకటే కదా మామయ్యా?"

"ఐదు," అన్నాడు మామగారు.

పెన్ను ఆగింది.

ఆయన చెప్పాడు. పండును చెవుల పరీక్షకు తీసుకొచ్చిన రోజుల్లో వరండాలో మిగతా పిల్లల పెద్దవాళ్లతో మాటలు కలిశాయి. వాళ్లూ తనలాగే దిగులుగా ఉన్నారు. మన పిల్ల ఒక్కతే పాసై వాళ్ల పిల్లలు ఆగిపోవడం ఏం బాగుంటుందని ఇంకో నాలుగు తీయించి ఇచ్చాడు. ఊరికే కాగితాలు చేతిలో పెట్టడం ఎందుకని గుడ్డ వేసి కుట్టి ఇచ్చాడు. పేర్లు అడగలేదు.

థెరపిస్టు కుర్చీలో వెనక్కి వాలింది. తర్వాత ముందుకు వంగి, ఆ ఆరో గడి దేనికో చెప్పింది. ఒక కాపీ అయితే అది ఒక కుటుంబం వ్యవహారం. తన సంతకంతో సరిపోతుంది, రేపు పరీక్ష. ఒకటికంటే ఎక్కువైతే పుస్తకం బయటపడ్డట్టు లెక్క. పుస్తకాన్ని మొత్తంగా పక్కన పెడతారు, దానితోపాటు రెండోదాన్ని కూడా. విచారణ అయ్యేదాకా ఎవరికీ పరీక్ష ఉండదు. విచారణ శుక్రవారంలోగా అవదు.

"మరి ఆ నలుగురూ?" అంది తల్లి.

ఒకటని రాస్తే వాళ్ల మార్కులు అలాగే ఉండిపోతాయని, ఐదని రాస్తేనే రద్దవుతాయని చెప్పి, థెరపిస్టు పరీక్షల రిజిస్టరు తీసి, మామగారి కాపీలు తయారైన నాటినుంచి చూసింది. ఆ మధ్య పరీక్షకు కూర్చున్నవాళ్లు పదకొండు మంది. ఐదుగురికి ముప్పై ఆరు, అంతకంటే పైన వచ్చాయి. పండు ఒకతె. మిగతా నలుగురికీ కిందటి గురువారమే ఉత్తరాలు వెళ్లాయి. ఇద్దరి ఇళ్లవాళ్లు సోమవారం వచ్చి దరఖాస్తులు వెనక్కి తీసుకున్నారు. ఒక దరఖాస్తు మీద, పాపకు ఇబ్బంది లేదని తెలిసి సంతోషిస్తున్నాము అని రాసి ఉంది.

తల్లి రిజిస్టరు తనవైపు తిప్పుకుని ఆ నాలుగు పేర్లూ చదివింది. వయసులు చదివింది. ఆరేళ్లు నిండడానికి ఒకరికి రెండు నెలలున్నాయి, ఒకరికి మూడు వారాలున్నాయి.

"మేడమ్, మీరు విన్నారు కదా," అంది.

"విన్నాను. ఆ గడి మాత్రం నేను నింపేది కాదు."

మామగారు ఏమైందని అడిగాడు. పండు బల్ల మీద పుస్తకం తెరుచుకుని, మొదటి పేజీ నుంచి ఒక్కో బొమ్మ మీదా వేలు పెడుతూ పోతోంది.

ఫారం మీద తేదీ ఉంది. రెండు సంతకాలున్నాయి. పదకొండు గంటల నలభై ఐదు నిమిషాలకు మూడోసారి తలుపు తట్టినప్పుడు, ఆరో గడిలో అంకె లేదు.